కొండ సందులో రెండు గంటలు

చదువవలసిన భాగములు: ఓబద్యా 1:1–4, లూకా 13:1–5, 2 కొరింథీయులకు 11:32, 33.



మన తెలుగు సంఘములనుండి పరిశుద్ధ దేశ యాత్రకు పోవువారు ఇప్పుడు అనేకులున్నారు. యెరూషలేము, బేత్లెహేము, గలిలయ సముద్రము చూచి, ఆ దారినే జోర్దాను దేశములోని పెట్రా అను చోటికి కూడ కొందరు పోయి వచ్చుచున్నారు. వచ్చినవారు ఫొటోలు చూపుదురు. ఎఱ్ఱని రాతిలో చెక్కిన గొప్ప ద్వారము ముందు అందరును వరుసగా నిలువబడియుందురు. “అయ్యగారూ, ఇదే ఎదోమీయుల కోట, ఓబద్యా ప్రవక్త చెప్పినది ఇదే” అని ఒకరందురు. “అక్కడ వరద వచ్చి యాత్రికులు కొట్టుకొనిపోయిరట, శపింపబడిన స్థలము గదా” అని మరియొకరు చేర్చుదురు. ఈ రెండు మాటలును కూటములలో ప్రసంగముగా కూడ విన్నాను. మొదటిది సగము తప్పు. రెండవది పూర్తిగా తప్పు. తప్పు మాత్రమే గాదు, చనిపోయినవారి యెడల అన్యాయము. అందుచేత ఈ నెల పాఠముగా ఆ కొండ సందులోని చిన్న యాత్రను మీ కన్నుల యెదుట పెట్టదలచితిని. వెళ్లగలిగినవారికి ఇది త్రోవ చూపును. వెళ్లలేనివారు ఇంటియొద్దనే కూర్చుండి నడువవచ్చును.

పెట్రా యనగా గ్రీకు భాషలో బండ. అది జోర్దాను రాజధానియగు అమ్మానునకు దక్షిణమున సుమారు 230 కిలోమీటర్ల దూరములో, మృత సముద్రమునకును అకాబా అఖాతమునకును నడుమనున్న కొండలలో నున్నది. దాని ప్రక్కనున్న ఊరి పేరు వాదీ మూసా, అనగా మోషే లోయ. మోషే బండను కొట్టగా నీళ్లు వచ్చిన స్థలము ఇదేనని అక్కడివారు ఒక ఊటను చూపుదురు. దూరమున ఒక శిఖరముమీద తెల్లని గుమ్మటము కనబడును. అది అహరోను సమాధియని వారి నమ్మకము. ఇవి పారంపర్యముగా వచ్చిన మాటలు గాని లేఖనమునుండి రుజువు చేయదగినవి కావు. అయినను ఆ కొండను చూచుటకు వచ్చినట్లు నటించియే, 1812లో బుర్కార్టు అను స్విట్జర్లాండు దేశస్థుడు ముసల్మాను వేషముతో ఇక్కడికి చేరెను. అహరోను సమాధియొద్ద మేకను బలి యిచ్చెదనని చెప్పి, త్రోవ చూపువాని వెంట ఈ సందు గుండ నడచి, తాను చూచినది వ్రాసి పెట్టెను. అప్పటినుండి ఐరోపా వారికి పెట్రా తెలిసినది. “మరుగునపడిన పట్టణము కనుగొనబడెను” అని పుస్తకములు వ్రాయును గాని, అక్కడ మేకలు మేపుకొను అరబ్బులకు అది యెన్నడును మరుగుపడలేదు.

మా బృందమునకు టూరువారు ఇచ్చిన సమయము రెండు గంటలు. పట్టణమంతయు చూడవలెనన్న రెండు దినములైనను చాలవు. రెండు గంటలలో సందు దాటి, ఆ గొప్ప ద్వారమును చూచి వెనుకకు రావచ్చును, అంతే. టిక్కెట్టు పుచ్చుకొని లోపలికి పోగానే సందు రాదు. ముందు ఎండలో దాదాపు కిలోమీటరు గులకరాళ్ల త్రోవ. గుఱ్ఱములవారు చుట్టు మూగుదురు. ఎక్కినవారు దిగునప్పుడు బహుమానము అడుగుదురు. అందుకు కోపపడవలసినది లేదు, ఎడారిలో వారి బ్రతుకుతెరువు అది. నడువలేని ముసలివారికి విద్యుత్తుతో నడచు చిన్న బండ్లున్నవి. త్రోవ చివర ఒక చిన్న ఆనకట్టయు, దాని ప్రక్క కొండలోనికి తొలచిన సొరంగమును ఉన్నవి. మా వారందరును ఫొటోల తొందరలో దానిని దాటిపోయిరి. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

అక్కడినుండి సందు. దానిని అరబ్బీలో సిక్ అందురు. దాని పొడవు సుమారు 1,200 మీటర్లు. కొన్నిచోట్ల వెడల్పు మూడు మీటర్లు మాత్రమే, అనగా మన ఎడ్లబండి యొకటి పోవునంత. ఇరుప్రక్కల గోడల ఎత్తు కొన్నిచోట్ల 80 మీటర్లకు పైగా నుండును. నాలుగు తాటిచెట్లను ఒకదానిమీద నొకటి నిలిపినట్లు తలంచుకొనుడి. తల యెత్తిన ఆకాశము సన్నని నీలి పేలికవలె కనబడును. వెలుపల మాడు ఎండ, లోపల మన మఱ్ఱిచెట్టు నీడవంటి చల్లదనము. రాతి రంగు ఒకచోట ఎఱ్ఱమన్ను, ఒకచోట పసుపు, ఒకచోట వంగపండు రంగు, చారలు చారలుగా నుండును. రాతిలోని ఇనుము మొదలగు లోహముల తుప్పే ఆ రంగులకు కారణమని చెప్పిరి.

మన కడప జిల్లాలో గండికోట లోయను చూచినవారు ఇదియు అట్టిదే ననుకొందురు. గండికోటలో పెన్నానది యుగయుగములుగా కోసికొనిపోగా లోయ యేర్పడినది. సిక్ సంగతి వేరు. ఇక్కడ భూమి కదలికచేత ముందు బండ చీలినది. నీరు తరువాత వచ్చి, చీలిక అంచులను అరగదీసి నునుపు చేసినది. మాకు త్రోవ చూపినవాడు ఒకచోట నిలిచి రెండు గోడలను చూపెను. ఒక ప్రక్క ఉబ్బియున్నచోట ఎదుటి ప్రక్క లోతుగా నున్నది. పగిలిన కుండపెంకులను రెంటిని చేర్చిన అతుకునట్లు, ఆ రెండు కొండలను దగ్గరకు త్రోసిన అతుకునేమో ననిపించెను.

మాతో వచ్చినవారిలో చెరువుక్రింద సేద్యము చేయు ఒక రైతు సహోదరుడుండెను. తక్కినవారు తలలెత్తి శిఖరములను చూచుచుండగా ఆయన నేలవైపు చూచుచుండెను. గోడ మొదట రాతిలో చెక్కిన సన్నని కాలువ ఒకటి మాతోకూడ వంపులు తిరుగుచు వచ్చుచున్నది. ఆయన వంగి దానిలో చెయ్యి పెట్టి, “అయ్యగారూ, ఈ వాలు చూచితిరా? ఎక్కువైతే నీళ్లు పొర్లును, తక్కువైతే నిలుచును. ఎవరో తెలిసినవారే చేసిరి” అనెను. ఆ మాట నిజము. దానిని చేసినవారు నబాతీయులు. సాంబ్రాణి, బోళము మొదలగు సుగంధద్రవ్యములను ఒంటెలమీద తెచ్చి అమ్ముచు ధనవంతులైన అరబ్బు జాతివారు వీరు. ఈ కొండలనడుమ రాజధాని కట్టుకొని, క్రీ.శ. 106లో రోమీయులు తమ రాజ్యములో కలుపుకొనువరకు ఏలిరి. మన అనంతపురము సీమలో సంవత్సరమునకు కురియు వాన కొద్దియే గదా. పెట్రాలో అందులో సగము కూడ కురియదు. అట్టి చోట పట్టణము నిలిచినదంటే, ఆ నీటి కాలువయే దానికి ప్రాణము. ఊటనీరు కొన్ని కిలోమీటర్లు ప్రవహించి ఈ కాలువగుండ పట్టణమునకు చేరెడిది. కాలువమీద రాతిపలకలు కప్పిరి. అక్కడక్కడ మట్టి అడుగున దిగుటకు చిన్న తొట్లు చెక్కిరి. ఎదుటి గోడలో కాల్చిన మట్టి గొట్టములను ఒకదానిలో నొకటి దూర్చి రెండవ వరుస నడిపిరి. ఆ గొట్టపుముక్కలు కొన్ని ఇంకను గోడనంటి యున్నవి.

సందు చివరిభాగమున గోడమీద ఒంటెలను తోలుకొని వచ్చు మనిషి బొమ్మ చెక్కబడియున్నది. పై భాగము అరిగిపోయినది. మనిషి పాదములు, ఒంటె కాళ్లు మాత్రము స్పష్టముగా మిగిలినవి. పైది పోయి క్రిందిది ఎట్లు మిగిలెను? శతాబ్దములుగా వరదలు తెచ్చిన మట్టియు గులకయు సందులో మేటవేసి, ఆ పాదములను కప్పి కాపాడినవి. 1990 దశకములో ఆ మేటను త్రవ్వి తీయగా అవి బయటపడినవి. వాటితోకూడ నబాతీయులు పరచిన రాతి బాట ముక్కలును కనబడినవి.

ఇక చివరి వంపు. చీకటి సందులోనుండి చూడగా ఎదుట వెలుగులో గులాబి రంగు రాతి స్తంభములు సన్నగా కనబడును. నాలుగు అడుగులు వేయగా మొత్తము ద్వారము. ఎత్తు సుమారు 40 మీటర్లు. ఒక్క రాయియు పేర్చి కట్టినది కాదు, కొండనే పైనుండి క్రిందికి చెక్కిరి. దీనిని ఫరో ధనాగారమని అరబ్బులు పిలిచిరి. పైన చెక్కియున్న రాతికూజాలో బంగారమున్నదని తలంచి తుపాకులతో కాల్చిరి. గుండ్ల దెబ్బలు నేటికిని కనబడును. ఆ కూజా లోపల బోలుది కాదు, గట్టి రాయి. ఆ కట్టడము ధనాగారము కాదు, రాజు సమాధి యని పండితులు తలంచుచున్నారు. 2003లో దాని ముంగిటి నేలను త్రవ్వగా క్రింద మరికొన్ని సమాధులు బయటపడినవి.

ఏ రాజు? నిశ్చయముగా వ్రాసిపెట్టినది లేదు గాని, నాలుగవ అరెత యని పలువురి అభిప్రాయము. ఈయన క్రీ.పూ. 9 మొదలు క్రీ.శ. 40 వరకు ఏలెను. ఈ పేరును మీరు ఎరుగుదురు. దమస్కులో పౌలును పట్టుకొనుటకు కావలి యుంచినది ఈ అరెత క్రిందివాడే. గోడలోని కిటికీనుండి గంపలో దింపగా పౌలు తప్పించుకొనెను. ఇంకొక సంగతి కూడ ఉన్నది. చతుర్థాధిపతియగు హేరోదు ముందు పెండ్లాడినది ఈ అరెత కుమార్తెను. ఆమెను విడిచి తన సహోదరుని భార్యయగు హేరోదియను తెచ్చుకొన్నందుకే బాప్తిస్మమిచ్చు యోహాను అతని గద్దించెను, తల పోగొట్టుకొనెను. విడువబడిన ఆ కుమార్తె తండ్రియొద్దకు పారిపోయెను. తరువాత అరెత హేరోదు సైన్యమును ఓడించెనని యోసేపస్ అను యూదా చరిత్రకారుడు వ్రాసెను. సువార్తలలో ఆమె మాట రాదు. ఆ ద్వారము ముందు నిలువబడినప్పుడు నాకు ఎక్కువగా జ్ఞాపకము వచ్చినది ఆమెయే.

ఇప్పుడు మొదటి మాటకు వచ్చెదము. ఈ ద్వారమును చెక్కినది ఎదోమీయులు కారు. ఓబద్యా గద్దించిన ఎదోమునకును దీనికిని నడుమ కొన్ని వందల సంవత్సరములున్నవి. నబాతీయులు ప్రబలిన కాలమునకు ఎదోమీయులు యూదయకు దక్షిణమునకు తరలిపోయిరి. సువార్తలలో ఇదూమయ యని చదువునది వారి దేశమే. అయినను ఎదోమీయులు ఇక్కడ ఎన్నడును లేరని చెప్పరాదు. పెట్రామీదుగా నిలిచిన ఉమ్ అల్ బియారా అను బల్లపరుపు కొండపైన క్రీ.పూ. 7వ శతాబ్దపు ఎదోమీయుల ఇండ్లు 1960 దశకపు త్రవ్వకములలో బయటపడినవి. ఎదోము రాజగు కోస్ గబరు పేరుగల మట్టిముద్రయు అక్కడ దొరికినది. కావున ప్రవక్త చెప్పిన బండలలోని నివాసమునకు గుర్తుగా తలయెత్తి ఆ కొండను చూపవచ్చును గాని, ఈ చెక్కడపు ద్వారమును చూపరాదు. రాజుల గ్రంథములోని సెల అను దుర్గము ఇదేనా యనుటకూడ తేలని ప్రశ్న. ఉత్తరమున అదే పేరుగల మరియొక బండ యున్నది. ఇట్టి సంగతులు చిన్నవని కొందరందురు. చెప్పుట సులభము గనుక తప్పు చెప్పవచ్చునా? లేఖనమును బోధించువాడు రాతిని గూర్చియు నిజమే పలుకవలెను.

రెండవ మాట ఇంతకంటె బరువైనది.

1963 ఏప్రిల్ 8వ తేదీన, ఈస్టరుకు ముందు సోమవారమున, ఫ్రాన్సు దేశపు యాత్రికులు ఈ సందులో నడచుచుండగా హఠాత్తుగా వరద వచ్చెను. ఇరవై మందికి పైగా చనిపోయిరి. వారిలో ఝాన్ స్టీన్‌మాన్ అను కతోలిక గురువు ఒకడు. ఆయన ప్రవక్తలను గూర్చి గ్రంథములు వ్రాసిన బైబిలు పండితుడు. మనవలెనే పరిశుద్ధ వారములో లేఖన స్థలములను చూడగోరి వచ్చినవారు వారు. వీరిని శాపము చంపినదని మనము చెప్పుదుమా?

వరద ఎట్లు వచ్చునో ముందు తెలిసికొనుడి. అక్కడి కొండలు వట్టి రాయి. చెట్టు లేదు, గడ్డి లేదు, నీటిని త్రాగు మన్ను లేదు. పైన ఎక్కడనో ఒక గంట గట్టి వాన కురిసినయెడల, ఆ చుట్టుపట్ల నీరంతయు ఒక్క లోయలోనికి దిగి సందు మొగము పట్టును. సందులో నున్నవాని తలమీద చినుకైనను పడకపోవచ్చును. మూడు మీటర్ల వెడల్పులో ఆ నీరు ఎంత ఎత్తు లేచునో, దాని యెదుట మనిషి ఎట్లు పరుగెత్తునో తలంచుకొనుడి. ఎక్కుటకు మెట్లు లేవు, ప్రక్కకు తొలగుటకు చోటు లేదు.

ఈ సంగతి నబాతీయులకు బాగుగా తెలియును. అందుచేతనే సందు మొదట ఆనకట్ట కట్టి, ప్రక్క కొండను తొలిచి, వరదను ఆ సొరంగముగుండ చుట్టుదారికి మళ్లించిరి. త్రాగు నీరు సన్నని కాలువలో లోనికి రావలెను, చంపు నీరు వెలుపలనే తిరిగి పోవలెను. ఇది వారి యేర్పాటు. మన రైతు సహోదరుని మాటలో చెప్పవలెనంటే, తూము ఒకటి, కలుజు ఒకటి. ఆ పట్టణము పాడైన తరువాత శతాబ్దములు ఆ కట్టను ఎవరును చూడలేదు. అది శిథిలమైనది. వరద తిరిగి సందులోనికి దారి పట్టినది. ఒంటె పాదములను పూడ్చిన మేట ఆ వరదలు వేసినదే. 1963లో యాత్రికులు నడచునాటికి వారికిని వరదకును నడుమ అడ్డమేదియు సరిగా లేదు. వారు చనిపోయిన తరువాతనే ఆనకట్టను మరల కట్టిరి. మేము చూడక దాటిపోయిన ఆనకట్ట అదే.

2018 నవంబరు 9వ తేదీన మరల పెద్ద వరద వచ్చెను. ఆ దినమున జోర్దాను దేశమందు పది మందికి పైగా చనిపోయిరి. పెట్రాలో మాత్రము 3,500 మందికి పైగా యాత్రికులను క్షేమమైన చోట్లకు తరలించిరి. అదే కొండ, అదే వాన. 1963కును 2018కిని నడుమ ఓబద్యా గ్రంథము మారలేదు. కట్ట మారినది, హెచ్చరించు మనుష్యులుండిరి, చెప్పినమాట జనులు వినిరి.

మన ప్రభువు కాలమున సిలోయములో గోపురము కూలి పదునెనిమిది మంది చనిపోయిరి. పిలాతు గలిలయులను చంపించిన సంగతి జనులు ఆయనతో చెప్పగా, ఆయనయే ఆ గోపురము మాట యెత్తెను. చచ్చినవారు యెరూషలేములోని తక్కినవారికంటె ఎక్కువ పాపులని తలంచుచున్నారా యని అడిగి, కాదని తానే జవాబు చెప్పెను. గోపురము ఎందుకు కూలెనో ఆయన చెప్పలేదు. చచ్చినవారి లెక్క చూచుట మాని మీ లెక్క చూచుకొనుడని వినువారివైపు తిరిగెను. ఇంత స్పష్టముగా ఆయన కాదనిన దానిని, మనము ప్రసంగపీఠమునుండి ఔననుట తగునా? 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది చనిపోయిరి. వారు తక్కిన ఆంధ్ర దేశమంతటికంటె పాపులా? ఆ తరువాత తీరమున తుపాను ఆశ్రయ భవనములు కట్టిరి, ముందుగా హెచ్చరించు ఏర్పాట్లు పెరిగినవి, ప్రాణములు దక్కినవి. శాపమని చేతులు ముడుచుకొని కూర్చున్నయెడల ఆ భవనములు కట్టువారెవరు?

ఒక సహోదరి నన్ను అడిగెను: “అట్లయితే ప్రవక్తల మాటలు వట్టివా, అయ్యగారూ?” వట్టివి కావమ్మా. ఓబద్యా ఎదోమును గద్దించినది దాని గర్వమునకును, సహోదరుడగు యాకోబు ఆపదలో నున్నప్పుడు అది ఎడముగా నిలిచి చూచినందుకును. పదియవ వచనము మొదలు పదునాలుగవ వచనము వరకు చదువుడి. పొరుగువాని శ్రమను చూచి “తగిన శాస్తి జరిగినది” అనుకొనుటయే అక్కడ ఎదోము చేసిన నేరము. వరదలో పోయిన యాత్రికులను గూర్చి అదే మాట మనము పలికినయెడల, ఆ గ్రంథములో మనము నిలిచిన స్థానమేదో ఆలోచింపుడి.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. నవంబరు మొదలు ఏప్రిల్ వరకు అక్కడ వానకాలము. ఆకాశము తేటగా నున్నను, త్రోవ చూపువాడు “ఈ దినము లోపలికి వద్దు” అనినయెడల వాదింపకుడి. డబ్బు కట్టితిమి గదా యని పట్టుపట్టకుడి. లోపలనున్నప్పుడు వెలుపలికి రమ్మనిన, ఫొటో సగములోనున్నను రండి. నీళ్ల సీసా, తల గుడ్డ, గట్టి చెప్పులు ఉండవలెను. పోవునప్పుడు దిగుడు, వచ్చునప్పుడు ఎక్కుడు, గనుక ఆయాసము గలవారు తిరుగు ప్రయాణమునకు బలము మిగుల్చుకొనవలెను. గోడలను గీయకుడి, పేర్లు చెక్కకుడి. ఆ రాయి గోటితో గీచినను రాలునంత మెత్తన.

తిరిగి వచ్చునప్పుడు రైతు సహోదరుడు సొరంగమును చూపుమని అడిగెను. త్రోవ చూపువాడు ఆశ్చర్యపడి, దీనిని అడుగువారు అరుదని చెప్పి, మమ్మును కట్టమీదికి తీసికొనిపోయెను. లోయనుండి వచ్చు ఎండిన వాగు మా కాళ్లక్రిందకు వచ్చి, అక్కడ ఎడమకు తిరిగి కొండలోనికి పోవుచుండెను. నీరు లేదు. వాగులో గన్నేరు పొదలు పూచియుండెను. సహోదరుడు కట్టరాళ్ల అతుకులను వ్రేలితో తడవి చూచి, గట్టిగానే యున్నదనెను. బస్సు వేళ మించుచున్నందున అంతటితో తిరిగి వచ్చితిమి.